కొండ మీద జనం పెరిగితే ఊళ్ళో డబ్బు పెరిగినట్టేనా?

ముందు ప్రశ్న ఏమిటో చెప్తాను. పాడేరు వైపు ఒక ఊరు. ఊరి కొండ మీద నుంచి చలికాలం తెల్లవారుజామున మేఘాలు పాలసముద్రంలా కనిపిస్తాయి. రీల్స్ పుణ్యమా అని కరోనా తర్వాత జనం విరగబడుతున్నారు. ఆ ఊరి కుర్రాడు, విశాఖలో ఉద్యోగం, సొంత పొలంలో టెంట్లు వేద్దామనుకుంటున్నారు. "జనం వస్తే డబ్బు వస్తుంది, డబ్బొస్తే ఊరు బాగుపడుతుంది. మధ్యలో ఈ సస్టైనబుల్ టూరిజం (ఊరు, ప్రకృతి చెడకుండా చేసే పర్యాటకం) గోల దేనికి? కడుపు నిండినవాళ్ళు చెప్పే నీతులు కావా? అసలు నేను ఎన్ని టెంట్లు వేసుకోవచ్చు?" అని అడిగారు.

నీతుల సంగతి వదిలేయండి. అరకు, అనంతగిరి, మారేడుమిల్లి వైపు హోమ్‌స్టేలు నడిపే కుటుంబాలతో కూర్చుని జమాఖర్చులు రాయించడం చాలా ఏళ్ళుగా నా పని. కాబట్టి డబ్బు దగ్గరే మొదలుపెడతాను. ఎంతమంది వచ్చారు అనే అంకె చూసి మురిసిపోయే ఊళ్ళు చాలా చూశాను. నేను అడిగేవి రెండే ప్రశ్నలు. వచ్చిన డబ్బులో ఊళ్ళో ఆగింది ఎంత? వాళ్ళు వెళ్ళిపోయాక ఊరు పెట్టుకోవాల్సిన ఖర్చు ఎంత? ఈ రెండో ప్రశ్ననే మనం పర్యావరణం అంటున్నాం. పేరు పెద్దది కావడంతో అదేదో వేరే సబ్జెక్టు అనుకుంటాం గానీ, రెండూ ఒకే పద్దు పుస్తకంలోవి.

శనివారం అర్ధరాత్రి దాటాక విశాఖలో బయల్దేరిన ఒక కారు తీసుకోండి. ఐదుగురున్నారు. డీజిల్ విశాఖలోనే కొట్టించారు. బిర్యానీ పార్సిళ్ళు, వాటర్ బాటిళ్ళ కేసు, చిప్స్, థర్మకోల్ ప్లేట్లు డిక్కీలో పెట్టుకున్నారు. నాలుగున్నరకి కొండ కింద దిగి పార్కింగ్‌కి యాభయ్యో వందో ఇస్తారు. ఎక్కుతారు, సూర్యోదయం చూస్తారు, ఫొటోలు దిగుతారు, తొమ్మిదింటికల్లా కిందికొచ్చి టీ తాగి తలో ప్లేటు మ్యాగీ తిని బండెక్కేస్తారు. ఊళ్ళో పడింది మహా అయితే నాలుగైదు వందలు. మ్యాగీ, టీపొడి, గ్యాస్ బండ అన్నీ మైదానం నుంచి తెచ్చినవే కాబట్టి అందులో సగం మిగిలితే గొప్ప. కొండ మీద మిగిలేవి మాత్రం అన్నీ వాళ్ళవే: బాటిళ్ళు, ప్లేట్లు, ఎముకలు, ఇక బండల చాటున ఉండేవాటి గురించి మీకు చెప్పక్కర్లేదు.

అదే ఐదుగురు ఒక రాత్రి ఊళ్ళో పడుకుంటే లెక్క మారిపోతుంది. రెండు గదులు, రాత్రి నాటుకోడి కూర, పొద్దున టిఫిను, కొండకు దారి చూపించే కుర్రాడి కూలి, వెళ్ళేటప్పుడు అరకిలో కాఫీపొడి, ఒక పసుపు పొట్లం. నాలుగు వేలకు తగ్గదు. కోడి పక్కింటిది, రాజ్మా సంతలో కొన్నది, దారి చూపినవాడు ఊరివాడు. అందులో మూడొంతులు ఊళ్ళోనే తిరుగుతుంది. అంటే రాత్రి ఆగిన ఒక్క బండి, తెల్లారి వచ్చి తుర్రుమనే పది బండ్ల కన్నా ఎక్కువ ఇస్తుంది. పది బండ్లంటే యాభై మంది. యాభై మంది చెత్త, యాభై మంది మలమూత్రాలు, పది బండ్ల ట్రాఫిక్. తక్కువ మంది వస్తే ఆదాయం తగ్గుతుందని మీరు భయపడుతున్నారు కదా, ఆ భయానికి నా జవాబు ఈ లెక్కే. అంకెలు మీ ఊరికి తగ్గట్టు మార్చి మీరే వేసి చూసుకోండి, పెద్దగా తేడా రాదు.

ఊళ్ళో డబ్బు ఆగడం దానంతట అది జరగదు, పూనుకుని చేయాలి. కేరళలో కుమరకం సంగతి చూడండి. వేంబనాడ్ సరస్సు ఒడ్డున పెద్ద పెద్ద హోటళ్ళు లేచాయి. కూరగాయలు, చేపలు, పనివాళ్ళు అన్నీ బయటి నుంచే రావడంతో ఊరికీ హోటళ్ళకీ పడేది కాదు. 2008లో అక్కడ రెస్పాన్సిబుల్ టూరిజం, అంటే పర్యాటకం లాభం ఊరివాళ్ళకు దక్కేలా చూసే కార్యక్రమం కింద ఒక పని చేశారు. కుటుంబశ్రీ మహిళా సంఘాలు కూరగాయలు పండించాలి, హోటళ్ళు వాళ్ళ దగ్గర కొనాలి. ధర, నాణ్యత చూడటానికి కమిటీలు పెట్టారు. బీడు పడ్డ పొలాలు సాగులోకొచ్చాయి. చూడటానికి చిన్న విషయం. కానీ టూరిస్టు తిన్న బీరకాయ ఏ ఊరిదన్న దాని మీదే ఆ ఊరి ఆదాయం ఆధారపడి ఉంటుంది. మన దగ్గర వారపు సంతలున్నాయి. రాజ్మా, పసుపు, మిరియాలు, చింతపండు, సామలు, రాగులు గుట్టలుగా వస్తాయి. సంతకు కూతవేటు దూరంలో ఉన్న రిసార్ట్ మెనూలో మాత్రం పనీర్ బటర్ మసాలా ఉంటుంది.

తెలంగాణలో పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అక్కడికి వెళ్ళినవాళ్ళు మగ్గం చూసి ఊరుకోరు, ఆ ఇంట్లోనే చీర కొంటారు. చూడటానికి వచ్చినదే కొనడానికీ ఉంటుంది. మేఘాలకు ఆ సౌకర్యం లేదు, వాటిని ఎవరూ మూటగట్టి అమ్మలేరు. అందుకే మీలాంటి ఊరికి రాత్రి బస, భోజనం, కాఫీ ఇంకా ముఖ్యం.

ఇప్పుడు ఖర్చు వైపు వద్దాం. అన్నిటికన్నా ముందు నీళ్ళు.

మన్యంలో చాలా ఊళ్ళు తాగేది ఊట నీళ్ళని మీకు తెలుసు. కొండ పైభాగంలో కురిసిన వాన నేలలో ఇంకి, రాతి పగుళ్ళ గుండా దిగి, ఎక్కడో ఒక చోట ఊటగా బయటపడుతుంది. అక్కడ చిన్న తొట్టి కట్టి, పైపు వేసి ఊళ్ళోకి దింపుకుంటే మోటారు అక్కర్లేదు, కరెంటు బిల్లు లేదు. టూరిస్టు సీజనేమో నవంబర్ నుంచి జనవరి దాకా. వానలు వెనకపట్టి ఊట సన్నబడటం మొదలయ్యేదీ అప్పటి నుంచే. సరిగ్గా అదే సమయానికి ఊటకు ఎగువన ఒక క్యాంపు వస్తుంది. అతిథులకు బకెట్ల కొద్దీ వేడినీళ్ళు కావాలి, బోరు వేస్తారు. మరుగుదొడ్డి గొయ్యి కూడా ఎగువనే తవ్వుతారు, ఎందుకంటే వ్యూ బాగుండేది అక్కడే. నీళ్ళు తగ్గడం ఒక ఎత్తు, వచ్చే నీళ్ళు చెడటం ఇంకో ఎత్తు. రాతి పగుళ్ళలో మురుగు దిగితే మట్టిలోలాగా వడకట్టుకోదు, నేరుగా వచ్చేస్తుంది. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి పోయే కూలి, ఆటో డబ్బులు టెంట్ల యజమాని లెక్కలో ఎక్కడా కనిపించవు. అవి ఊరి ఖర్చు కింద పోతాయి.

రెండోది, ఎవరూ మాట్లాడనిది, కాఫీ. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, తర్వాత వచ్చిన ఇంకొన్ని సంస్థలు, అన్నిటికీ మించి రైతుల కష్టం కలిసి అరకు కాఫీకి ఒక పేరు తెచ్చాయి. 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య పెరిగే పంట అది. కాఫీ పళ్ళు కోసే కాలం, టూరిస్టులు వచ్చే కాలం ఒకటే. ఎర్రబడినవే ఏరాలి కాబట్టి ఒకే చెట్టు దగ్గరకు మూడు నాలుగు సార్లు తిరగాలి. ఊళ్ళో కుర్రాళ్ళంతా పార్కింగ్ దగ్గర, మ్యాగీ బండి దగ్గర ఉంటే తోటలో ఆడవాళ్ళు, ముసలివాళ్ళు మిగులుతారు. పళ్ళు చెట్టునే ఎండిపోతాయి, కొన్ని రాలిపోతాయి. 2025లో అరకు వైపు తోటల్లో కాఫీ పళ్ళను తొలిచే బెర్రీ బోరర్ పురుగు కనిపించి ఎంత టెన్షన్ పెట్టిందో మీకు గుర్తుండే ఉంటుంది. చెట్టున వదిలేసిన పళ్ళు, కింద రాలినవి ఆ పురుగుకు ఇల్లు. అవి ఏరి తీసేయడమే దానికి మొదటి మందు. శని, ఆదివారాల పార్కింగ్ డబ్బు కోసం, ఏళ్ళ తరబడి ఫలితమిచ్చే తోటను గాలికి వదిలేస్తే మొదటికే మోసం వస్తుంది. పైగా టూరిస్టు ఆ కొండలకు వచ్చేదే ఆ నీడ చెట్ల పచ్చదనం చూసి.

అరకు దారిలో వలిసె పూల చేలు చూసే ఉంటారు. పసుపు పచ్చటి తివాచీలా ఉంటాయి, బండ్లు ఆపి చేలోకి దిగి పెళ్ళి ఫొటోషూట్లు చేస్తారు. వలిసె నూనెగింజ పంట. తొక్కిన చోట గింజ రాదు. కొన్నాళ్ళు రైతులు తిట్టి తరిమారు, తర్వాత మనిషికి పదో ఇరవయ్యో తీసుకోవడం మొదలుపెట్టారు. నాకు ఇది చాలా నచ్చిన ఏర్పాటు. తెలివైన రైతు ఏం చేస్తాడంటే, చేనంతా వదిలిపెట్టడు. రోడ్డు పక్క ఒక మూల కర్రలు పాతి, తాడు కట్టి, నడవడానికి సన్నటి దారి వదులుతాడు. ఫొటో దిగేవాళ్ళంతా ఆ మూలకే వెళ్తారు, తక్కిన చేను గింజ కడుతుంది. వలిసెకు తేనెటీగలు కావాలి, అవి వాలితేనే గింజ బాగా పడుతుంది. కాబట్టి ఆ తాడు అవతల డ్రోన్లు, పొగబాంబులు వద్దంటాడు. ఏ కన్సల్టెంటూ చెప్పలేదు. సస్టైనబుల్ టూరిజం అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే పుస్తకం చూపించను, ఆ తాడు చూపిస్తాను.

బొంగు చికెన్ గురించి కూడా ఒక మాట. ఒక బొంగు ఒక్కసారే పనికొస్తుంది, అదీ పచ్చి వెదురు అయ్యుండాలి. సంక్రాంతి సెలవుల్లో రోడ్డు పక్కన కాలే బొంగులు చూసి లోపల అడవిలో ఎన్ని పొదలు ఖాళీ అవుతున్నాయో ఊహించుకోండి. వెదురు తొందరగా పెరుగుతుంది, నిజమే, కానీ ఏటా లేత బొంగులే నరుకుతూ పోతే పొద నీరసిస్తుంది. అమ్మేవాళ్ళు గట్టు మీద సొంతంగా వెదురు నాటుకోవడం తప్ప దీనికి దారి లేదు.

ఈ ఖర్చులు పట్టించుకోకపోతే చివరికి ఏమవుతుందో ఊహించాల్సిన పని లేదు, జరిగినవి ఉన్నాయి. ఫిలిప్పీన్స్‌లో బోరకాయ్ దీవి మురుగు నేరుగా సముద్రంలోకి వదులుతుంటే ప్రభుత్వం 2018లో దీవి మొత్తాన్ని ఆరు నెలలు మూసేసింది. హోటళ్ళు, పడవలవాళ్ళు, వంటవాళ్ళు అందరికీ ఆరు నెలలు ఆదాయం సున్నా. అదే ఏడాది థాయ్‌లాండ్ మాయా బే అనే చిన్న సముద్రతీరాన్ని మూసింది. రోజుకు వేలమంది దిగడంతో చాలా పగడాలు చచ్చిపోయాయి. కోలుకుని మళ్ళీ తెరవడానికి 2022 జనవరి దాకా పట్టింది, ఇప్పుడు పడవల్ని ఆ తీరంలోకే రానివ్వరు. అంత దూరం ఎందుకు, ఊటీ చూడండి. మద్రాస్ హైకోర్టు 2024 మేలో ఈ-పాస్ పెట్టించింది. 2025 ఏప్రిల్ నుంచి సీజన్‌లో రోజుకు 6,000 వాహనాలు, శని, ఆదివారాల్లో 8,000 అని గీత గీసింది. ఊరు తన హద్దు తాను పెట్టుకోకపోతే కోర్టో ప్రభుత్వమో వచ్చి పెడుతుంది. అప్పుడు మీ టెంట్లు ఎవరూ అడిగి ముయ్యరు.

ఇక భూమి. మీరు గిరిజనులైతే ఇది మీకు నేను చెప్పేది కాదు, కానీ చదివే మైదానం వాళ్ళ కోసం. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతంలో, 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. 1997లో సమత అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు దాన్ని ఇంకా గట్టి చేసింది. 2025 ఫిబ్రవరిలో టూరిజం కోసం ఈ చట్టాన్ని సడలిస్తే ఏమిటన్న మాట రాగానే ఏజెన్సీ అంతా బంద్ పాటించింది, ప్రభుత్వం అలాంటి ఆలోచన లేదని చెప్పాల్సి వచ్చింది. అంత కోపం ఎందుకొచ్చిందో మొదట వేసిన లెక్కలోనే ఉంది. భూమి చేతిలో ఉన్నన్నాళ్ళే గది అద్దె ఊరిది. భూమి పోయాక ఊరికి మిగిలేది అదే గది ఊడ్చే ఉద్యోగం. చట్టం ఉన్నా గిరిజనుడి పేరు మీద పత్రాలు పెట్టి వెనకాల పెట్టుబడి వేరేవాళ్ళది అయిన రిసార్టులు లేకపోలేదు. బోర్డు మీద 'ఎకో' అని కూడా ఉంటుంది. మీ దగ్గరకూ అలాంటి భాగస్వామి వస్తాడు, వచ్చే ఉంటాడు. "పేరు నీది, మిగతాది నేను చూసుకుంటా" అంటాడు. సంతకం పెట్టకండి.

మీరన్న "కడుపు నిండినవాళ్ళ నీతులు" అనే మాటలో కొంత నిజం లేకపోలేదు. ధర పెంచి జనాన్ని తగ్గించడం అన్నిటికన్నా తేలికైన పద్ధతి, దాని వల్ల నష్టపోయేది కాలేజీ పిల్లలు, చిన్న జీతగాళ్ళు. డబ్బున్నవాడు ఎక్కువిచ్చి అంతే చెత్త వేస్తాడు. అందుకే రేటుతో కట్టడి చేయడం నాకు ఇష్టం లేదు, సంఖ్యతో చేయండి. రోజుకు ఇన్ని బండ్లే, ముందుగా ఫోన్ చేసినవాళ్ళకే, ఎవరైనా సరే. బస్సులో వచ్చే పిల్లలకు తక్కువ తీసుకోండి, సొంత కారుకు ఎక్కువ తీసుకోండి. ప్రపంచం మొత్తం వదిలే గ్రీన్‌హౌస్ వాయువుల్లో దాదాపు 8 శాతం టూరిజం వల్లేనని 2018లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది, అందులో ప్రయాణానిది పెద్ద వాటా. మనకు కొత్తవలస-కిరండూల్ రైలు ఉంది. ఇనుప ఖనిజం మోయడానికి వేసిన లైను అది. 2017లో అద్దాల పెట్టె తగిలించాక ఆ ప్రయాణమే ఒక ఆకర్షణ అయింది. రైల్లో అరకు దిగినవాళ్ళను మీ ఊరికి తీసుకొచ్చే జీపు మీ ఊరివాడిదైతే అది కూడా ఊరి ఆదాయమే.

చివరగా ఎన్ని టెంట్లు అన్నారు. పొలంలో ఎన్ని పడతాయో చూసి నిర్ణయించకండి. జనవరి నెలలో మీ ఊటలో బకెట్టు నిండటానికి ఎంతసేపు పడుతుందో కొలవండి, వాచీ చూసి. దాన్నిబట్టి రోజుకు ఎన్ని నీళ్ళో లెక్క తీయండి. ఊరి వాడకం, పశువుల వాడకం ముందు తీసేయండి. మిగిలిన దాంట్లో సగమే మీది అనుకుని, మనిషికి నాలుగైదు బకెట్ల చొప్పున భాగించండి. వచ్చిన సంఖ్యే మీ అతిథుల సంఖ్య. చాలా ఊళ్ళలో ఇది పది, పదిహేను మందికి మించదు, నిరుత్సాహపడకండి. మరుగుదొడ్లు ఊటకు దిగువన, వీలైనంత దూరంగా. చలిమంట ఊరందరికీ కలిపి ఒకటి, టెంటుకొకటి వద్దు, అడవి కట్టెలు అసలే వద్దు, సిల్వర్ ఓక్ కొమ్మలు కొట్టినప్పుడు వచ్చేవి చాలు. డీజే పెట్టెకు మొదటి రోజే వద్దని చెప్పండి, ఒకసారి ఒప్పుకుంటే తర్వాత ఆపలేరు.

కొండ పైకి బండ్లు వద్దు. కింద పార్కింగ్, పైకి నడక. ఎక్కేటప్పుడు బాటిళ్ళు, ప్యాకెట్లు లెక్కపెట్టి డిపాజిట్ తీసుకోండి, దిగేటప్పుడు చూపించి వెనక్కి తీసుకోమనండి. గొడవ పడతారు, రెండు వారాలు పడతారు, తర్వాత అలవాటవుతుంది. దారి చూపించే పని కుర్రాళ్ళందరికీ వంతులు వేయండి, కాఫీ కోతలున్న ఇంటివాళ్ళకు ఆ వారం వంతు పడకుండా చూడండి. వసూలైన డబ్బు ఎవరో ఒకరి జేబులో కాకుండా గ్రామసభ ఖాతాలో పడాలి. పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) గ్రామసభకు ఆ బలం ఇచ్చింది, వాడుకోండి. మారేడుమిల్లిలో అడవి క్యాంపులు వన సంరక్షణ సమితి, అంటే అటవీ శాఖతో కలిసి అడవిని చూసుకునే ఊరివాళ్ళ సంఘం ద్వారా నడుస్తున్నాయి. ఒకసారి వెళ్ళి వాళ్ళ వంతులు, జీతాలు, ఖాతా ఎలా ఉన్నాయో చూసి రండి, నా సమాధానం కన్నా అది ఎక్కువ పనికొస్తుంది.

ఇవన్నీ సీజన్ మొదలయ్యాక పెడితే ఎవరూ వినరు. డబ్బు చేతిలో ఆడటం మొదలైతే ప్రతి ఒక్కరికీ తన రూలు తనకుంటుంది. దసరా లోపే గ్రామసభ పెట్టించి తీర్మానం రాయించండి. తీర్మానం కాపీ ఒకటి పంచాయతీలో, ఒకటి ఐటీడీఏలో (గిరిజనుల అభివృద్ధి చూసే ప్రభుత్వ సంస్థ) ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. మొదటి టెంటు ఆ తర్వాతే కొనండి.